సిపాయికో తూకం, జనరల్‌కో తూకం

2017 జనవరి 17. శ్వేతసౌధం ఖాళీ చేయడానికి మూడు రోజుల ముందు బరాక్ ఒబామా ఒక పొడవాటి జాబితాకు ఆమోదం తెలిపారు. 209 మందికి శిక్ష తగ్గింపు, 64 మందికి క్షమాభిక్ష. శిక్ష తగ్గినవారిలో ఎక్కువమంది మత్తుమందుల కేసుల్లో ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గుతున్నవారు. ఆ జాబితాలో రెండు పేర్లు మాత్రం వేరే కోవకు చెందినవి. ఒకరు చెల్సియా మానింగ్, ఇరాక్‌లో పనిచేసిన కిందిస్థాయి సైనిక నిఘా విశ్లేషకురాలు. రెండోవారు జేమ్స్ కార్ట్‌రైట్, నాలుగు నక్షత్రాల జనరల్, అమెరికా త్రివిధ దళాధిపతుల సంఘానికి ఒకప్పటి ఉపాధ్యక్షుడు. ఇద్దరి కేసులూ ప్రభుత్వ రహస్యాలు పత్రికలకెక్కిన వ్యవహారాలే.

మానింగ్‌కు సైనిక కోర్టు వేసిన శిక్ష 35 ఏళ్లు. అప్పటికి దాదాపు ఏడేళ్లు కటకటాల వెనకే గడిచాయి. ఒబామా ఆ శిక్షను తగ్గించారే తప్ప నేరాన్ని మాఫీ చేయలేదు. కార్ట్‌రైట్ కథ వేరు. ఇరాన్ అణు కార్యక్రమం మీద జరిగిన సైబర్ దాడి గురించి విలేకరులతో మాట్లాడిన విషయంలో ఎఫ్‌బీఐకి అబద్ధం చెప్పానని ఆయన 2016 అక్టోబరులో ఒప్పుకొన్నారు. ప్రాసిక్యూటర్లు రెండేళ్ల జైలు అడిగారు. జడ్జి శిక్ష ఖరారు చేసే రోజు రాకముందే ఆయనకు పూర్తి క్షమాభిక్ష దక్కింది. ఆయన ఒక్క రోజు కూడా జైల్లో గడపలేదు. అయినా రచ్చంతా మానింగ్ పేరు మీదే జరిగింది. పదవి చేపట్టిన వారం తిరక్కుండానే డొనాల్డ్ ట్రంప్ ఆమెను కృతజ్ఞత లేని ద్రోహి అని దుమ్మెత్తిపోశారు. జనరల్ గారి ఊసెత్తినవారు అరుదు.

లీకు కేసుల్లో క్షమాభిక్ష మీద జరిగే వాదన ఎప్పుడూ వీరుడా, ద్రోహా అన్నచోటే ఇరుక్కుపోతుంది. ఒక వర్గం పూలదండ తెస్తుంది, మరో వర్గం ఉరితాడు తెస్తుంది. అసలు అడగాల్సిన ప్రశ్న అంతకంటే పొడిగా ఉంటుంది: ఇలా రహస్యం బయటపెట్టిన మనిషి ఎందుకు ఆ పని చేశాడో, దాంతో ప్రజలకు ఏం తెలిసిందో, ఎవరికి ఎంత హాని జరిగిందో కలిపి తూచే చోటు ఆ దేశంలో ఎక్కడుంది? కోర్టులో అయితే లేదు.

లీకు కేసుల్లో వాడే చట్టం వయసు నూరేళ్లు దాటింది. మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగిన రెండు నెలలకు, 1917 జూన్‌లో, అమెరికా గూఢచర్య చట్టం చేసుకుంది. శత్రువు కోసం పనిచేసేవారిని పట్టుకోవడానికి పుట్టిన ఆ చట్టాన్నే తర్వాత విలేకరులకు కాగితాలు ఇచ్చినవారి మీదికి తిప్పారు. బయటికొచ్చిన సమాచారం దేశానికి హాని చేయవచ్చని నిందితుడికి తెలిసే ఆస్కారం ఉంటే చాలు, నేరం రుజువైనట్టే. ప్రజా ప్రయోజనం కోసం చేశానన్న వాదనకు అందులో తావు లేదు.

దీన్ని మొదట చవిచూసినవాడు డేనియల్ ఎల్స్‌బర్గ్. వియత్నాం యుద్ధం గురించి ప్రభుత్వాలు ఏళ్ల తరబడి చెప్పిన అబద్ధాలను బయటపెట్టే 7,000 పేజీల రహస్య అధ్యయనాన్ని ఆయన జిరాక్స్ తీసి పత్రికలకు అందించారు. 1971 జూన్ 13న న్యూయార్క్ టైమ్స్ ప్రచురణ మొదలుపెట్టింది. ఆ నెలాఖరుకు సుప్రీంకోర్టు 6-3 తేడాతో పత్రికల పక్షాన నిలిచింది. పత్రికలు గట్టెక్కాయి. కాగితాలు ఇచ్చినవాడు మాత్రం 115 ఏళ్ల దాకా శిక్షపడే కేసులో బోనెక్కాడు. ఎందుకు చేశావని సొంత న్యాయవాది అడిగితే జవాబు చెప్పనివ్వలేదని, ఆ ప్రశ్నే అసంగతమని ప్రాసిక్యూషన్ అంటే జడ్జి ఒప్పుకొన్నారని ఎల్స్‌బర్గ్ తర్వాత ఎన్నోచోట్ల చెప్పుకొన్నారు. చివరికి ఆయన బయటపడింది కూడా తన వాదన నెగ్గి కాదు. అధ్యక్షుడు నిక్సన్ మనుషులు ఆయన మానసిక వైద్యుడి కార్యాలయంలో దొంగతనంగా చొరబడ్డారని బయటపడింది. విచారణ నడుస్తుండగానే ఆ జడ్జికి ఎఫ్‌బీఐ డైరెక్టర్ పదవి ఆశ చూపారనీ తేలింది. 1973 మే 11న కేసు కొట్టేశారు. సర్కారు అంత మొరటుగా ప్రవర్తించి ఉండకపోతే ఎల్స్‌బర్గ్ ముసలితనం దాకా జైల్లోనే ఉండేవాడేమో. ఇవాళ ఆయనను తప్పుపట్టే అమెరికా నాయకుడు దాదాపు కనిపించడు. కానీ ఆయనను రక్షించింది చట్టం కాదు, ఎదుటిపక్షం చేసిన దొంగతనం.

చట్టాలు కఠినంగా ఉంటాయి కాబట్టి దురదృష్టవంతులైన దోషుల కోసం మినహాయింపు ఒకటి ఉండాలని, లేకపోతే న్యాయం మరీ క్రూరంగా కనిపిస్తుందని అలెగ్జాండర్ హామిల్టన్ 1788లోనే రాశారు. అధ్యక్షుడి క్షమాధికారానికి ఆయన చెప్పిన సమర్థన అది. లీకు కేసులకు అది అతికినట్టు సరిపోతుంది.

అలాగని అవతలి వాదన గాలిలో పుట్టింది కాదు. మానింగ్ వికీలీక్స్‌కు చేరవేసిన పత్రాలు 7 లక్షలకు పైమాటే. అంత చదివి, ఏది ప్రజలకు అవసరం, ఏది ప్రమాదం అని ఏరడం ఏ ఒక్క మనిషి వల్లా కాదు. వాటిలో బాగ్దాద్ వీధిలో 2007 జూలై 12న అపాచీ హెలికాప్టర్ జరిపిన కాల్పుల వీడియో ఉంది. అందులో రాయిటర్స్ ఉద్యోగులు ఇద్దరు చనిపోయారు. ఆ వీడియో ఇమ్మని రాయిటర్స్ సమాచార చట్టం కింద అడిగినా సైన్యం ఇవ్వలేదు. అది బయటపడటం వల్ల ప్రజలకు మేలే జరిగింది. కానీ అదే మూటలో దాదాపు రెండున్నర లక్షల దౌత్య సందేశాలు, అమెరికా అధికారులతో రహస్యంగా మాట్లాడిన అనేక దేశాలవారి పేర్లు కూడా ఉన్నాయి. ఆ మనుషుల అనుమతి ఎవరు తీసుకున్నారు? ఈ ప్రశ్నను మానింగ్ అభిమానులు తప్పించుకుంటే కుదరదు.

అయితే జరిగిన హాని ఎంత అన్నది ఊహలకు వదలాల్సిన విషయం కాదు. 2013లో శిక్ష ఖరారు చేసే విచారణలో ప్రాసిక్యూషన్ తరఫు సాక్షిగా వచ్చిన బ్రిగేడియర్ జనరల్ రాబర్ట్ కార్, ఆ పత్రాల నష్టాన్ని లెక్కగట్టిన బృందానికి పెద్ద. వాటిలో పేరు ఉన్నందువల్ల చంపబడిన మనిషిని ఒక్కరిని కూడా తన బృందం గుర్తించలేకపోయిందని ఆయన ఒప్పుకోవాల్సి వచ్చింది. శత్రువుకు సాయం చేసిందన్న అతిపెద్ద అభియోగం నుంచి జడ్జి మానింగ్‌ను విముక్తురాలిని చేశారు. క్వాంటికో సైనిక జైల్లో ఆమెను అన్యాయంగా కఠిన నిర్బంధంలో ఉంచినందుకు శిక్షలో 112 రోజులు తగ్గించారు. అయినా పడిన శిక్ష 35 ఏళ్లు. అంతకుముందు లీకు కేసుల్లో పడిన శిక్షలు రెండు మూడేళ్లు దాటలేదు. ఆ తేడా చూశాక, నేరాన్ని అలాగే ఉంచి శిక్షను మాత్రం కుదించిన ఒబామా నిర్ణయం కంటే సబబైన మార్గం కనిపించదు.

మరి మిగతావారికి అదే తూకం ఎందుకు పడలేదు?

అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో అన్న సామెత వాషింగ్టన్‌కు తెలియకపోవచ్చు గాని ఆచరణ మాత్రం బాగా తెలుసు. సీఐఏ డైరెక్టర్‌గా చేసిన డేవిడ్ పెట్రేయస్ అత్యంత రహస్య వివరాలున్న నోటు పుస్తకాలు ఎనిమిదింటిని తన జీవితకథ రాస్తున్న రచయిత్రికి ఇచ్చారు, ఇద్దరి మధ్యా సంబంధం కూడా ఉంది. పైగా ఎఫ్‌బీఐకి ఆ విషయంలో నిజం చెప్పలేదు. 2015 ఏప్రిల్‌లో ఆయనకు పడింది రెండేళ్ల ప్రొబేషన్, లక్ష డాలర్ల జరిమానా. ఆ మరుసటి నెలలోనే సీఐఏ మాజీ ఉద్యోగి జెఫ్రీ స్టెర్లింగ్‌కు, ఒక విలేకరికి రహస్యం చెప్పాడన్న కేసులో, మూడున్నరేళ్ల జైలు. 2013 మార్చిలో సెనేటర్ రాన్ వైడెన్, కోట్లాది అమెరికన్ల సమాచారాన్ని జాతీయ భద్రతా సంస్థ (ఎన్‌ఎస్‌ఏ) సేకరిస్తోందా అని సూటిగా అడిగితే నిఘా విభాగాల అధిపతి జేమ్స్ క్లాపర్ లేదన్నారు. మూడు నెలల్లో అది అబద్ధమని లోకానికి తెలిసింది. ఆయన మీద కేసే లేదు.

రియాలిటీ విన్నర్ సంగతి చూడండి. జార్జియా రాష్ట్రంలో ఎన్‌ఎస్‌ఏ కాంట్రాక్టు ఉద్యోగిని. 2016 అధ్యక్ష ఎన్నికల వేళ రష్యా సైనిక నిఘావర్గాలు ఎన్నికల సామగ్రి సంస్థపై, స్థానిక ఎన్నికల అధికారులపై గురిపెట్టాయని చెప్పే ఒకే ఒక్క నివేదికను ప్రింటు తీసి వార్తా సంస్థకు పంపింది. 2018 ఆగస్టులో 63 నెలల శిక్ష పడింది. పత్రికలకు లీకు చేసినందుకు ఫెడరల్ కోర్టు అప్పటిదాకా విధించిన శిక్షల్లో అదే పెద్దది. విచిత్రమేమిటంటే ట్రంప్ స్వయంగా ఆ నేరం చిన్నపాటిదేనని, శిక్ష అన్యాయమని ట్వీట్ చేశారు. సంతకం మాత్రం చేయలేదు. డ్రోన్ దాడుల్లో గురిపెట్టని మనుషులు ఎందరు చనిపోతున్నారో చూపే పత్రాలు బయటపెట్టిన వైమానిక దళ మాజీ విశ్లేషకుడు డేనియల్ హేల్‌కు 2021లో 45 నెలలు పడింది. జో బైడెన్ కూడా సంతకం చేయలేదు.

రహస్యం బయటపెట్టిన ప్రతివాడూ ప్రజావేగు కాడన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మసాచుసెట్స్ ఎయిర్ నేషనల్ గార్డులో పనిచేసిన జాక్ టెషీరా, ఉక్రెయిన్ యుద్ధానికి సంబంధించినవాటితో సహా అనేక రహస్య పత్రాలను డిస్కార్డ్ గ్రూపులో స్నేహితుల ముందు గొప్పకు పెట్టాడు. ఏ తప్పునూ అతడు ఎత్తిచూపలేదు, ఎవరినీ హెచ్చరించలేదు. 2024 నవంబరులో 15 ఏళ్ల శిక్ష పడింది. అతడి వయసు చూసి జాలిపడవచ్చు గాని, ఈ వ్యాసం అడుగుతున్న కోవలో అతడికి చోటు లేదు.

‘లోపలి దారులు ఉండగా పత్రికల దగ్గరికి ఎందుకు పోవాలి?’ అన్నది అధికారుల ఆఖరి అస్త్రం. దీనికి జవాబు థామస్ డ్రేక్ జీవితం. ఎన్‌ఎస్‌ఏలో సీనియర్ అధికారిగా ఉన్న ఆయన, వృథా ఖర్చు గురించి, పౌరుల గోప్యతకు తూట్లు పొడవడం గురించి పై అధికారులకు చెప్పారు, రక్షణశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ దర్యాప్తుకు సహకరించారు, చట్టసభ కమిటీ సిబ్బందికీ చెప్పారు. పద్ధతి ప్రకారం చేయాల్సినవన్నీ చేశారు. 2010లో ఆయన మీద 35 ఏళ్ల దాకా శిక్షపడే పది అభియోగాలు మోపారు. మరుసటి ఏడాది కేసు కూలిపోయి ఒక చిన్న నేరంతో ముగిసింది. ఈలోపు ఉద్యోగం పోయింది, పింఛను ఆశ పోయింది, ఆయన ఆపిల్ దుకాణంలో పనికి కుదిరారు. హవాయిలో ఎన్‌ఎస్‌ఏ కాంట్రాక్టు ఉద్యోగిగా ఉన్న ఎడ్వర్డ్ స్నోడెన్ డ్రేక్ గతి చూసే తన దారి ఎంచుకున్నానని చెప్పారు.

స్నోడెన్ దగ్గరికి వచ్చేసరికి తూకం కష్టమవుతుంది. 2013 జూన్‌లో ఆయన బయటపెట్టిన మొదటి విషయం, ప్రతి అమెరికన్ ఫోన్ కాల్ వివరాలను ఎన్‌ఎస్‌ఏ మూటగట్టడం. 2015 మేలో ఒక అప్పీళ్ల కోర్టు దానికి చట్టంలో ఆధారం లేదంది. జూన్‌లో చట్టసభ దాన్ని ఆపే చట్టం చేసింది. 2020 సెప్టెంబరులో మరో అప్పీళ్ల కోర్టు ఆ కార్యక్రమం చట్టవిరుద్ధమని తేల్చడమే కాదు, ఉగ్రవాదాన్ని పట్టుకోవడంలో అది ఎంతో ఉపయోగపడిందన్న అధికారుల మాటలకు రహస్య రికార్డులతో పొంతన లేదని కూడా అంది. ఒబామా హయాంలో న్యాయశాఖ నడిపిన ఎరిక్ హోల్డరే 2016లో, చర్చ లేవనెత్తి స్నోడెన్ ప్రజాసేవ చేశాడని, అయినా శిక్ష తప్పదని అన్నారు. మరో పక్క చట్టసభ నిఘా కమిటీ, ఆయన పట్టుకుపోయిన పత్రాలు 15 లక్షలని, వాటిలో అత్యధికం పౌరుల గోప్యతతో సంబంధం లేనివని ఆరోపించి, క్షమించవద్దని ఏకగ్రీవంగా లేఖ రాసింది. లాటిన్ అమెరికాకు పోబోయి పాస్‌పోర్టు రద్దుకావడంతో మాస్కో విమానాశ్రయంలో చిక్కుకున్న మనిషికి 2022 సెప్టెంబరులో పుతిన్ పౌరసత్వం ఇచ్చారు. అది ఉక్రెయిన్ మీద యుద్ధం నడుస్తున్న సమయం. నిఘాను ఎదిరించిన వ్యక్తికి నిఘా రాజ్యమే ఆశ్రయం కావడం ఆయన మద్దతుదారులకు ఇబ్బందికరమైన సంగతే.

ముందు కోర్టు ఎదుటికి రావాలి, రాని మనిషిని నేనెలా క్షమిస్తానని ఒబామా 2016 నవంబరులో అన్నారు. వినసొంపుగా ఉంది గాని చరిత్ర అలా లేదు. క్షమాభిక్ష విచారణకు ముందే ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 1867లోనే చెప్పింది. 1974 సెప్టెంబరు 8న జెరాల్డ్ ఫోర్డ్, ఇంకా ఏ అభియోగమూ నమోదుకాని నిక్సన్‌ను క్షమించారు. 2025 జనవరిలో బైడెన్ చివరి రోజున ఏ కేసూ లేని సొంత కుటుంబ సభ్యులకు, జనరల్ మిల్లీకి, డాక్టర్ ఫౌచీకి ముందస్తు క్షమాభిక్షలు పంచారు. కావాలనుకున్నప్పుడు ఈ నియమం ఎవరికీ అడ్డురాలేదు.

ఫోర్డ్ చేసిన మరో పని ఇక్కడ పనికొస్తుంది. నిక్సన్‌ను క్షమించిన ఎనిమిది రోజులకు, వియత్నాం యుద్ధానికి పోకుండా తప్పించుకున్న యువకుల కోసం ఆయన ఒక పథకం ప్రకటించారు. విధేయత ప్రమాణం చేసి, రెండేళ్ల దాకా ప్రజాసేవ చేస్తే కేసు పోతుంది. నిక్సన్‌కు ఏ షరతూ లేదు, యువకులకు మాత్రం ఉంది. ఆ అన్యాయాన్ని పక్కన పెడితే పద్ధతి తెలివైనది. క్షమాభిక్షకు షరతులు పెట్టే హక్కు అధ్యక్షుడికి ఉందని అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు షిక్ కేసులో ఖాయం చేసింది.

స్నోడెన్‌కు ఇవ్వాల్సింది అలాంటిదే. ఫోన్ రికార్డుల వంటి, కోర్టులు అక్రమమన్న నిఘాకు సంబంధించిన భాగానికి క్షమాభిక్ష ఇవ్వాలి. ఇతర దేశాల మీద చట్టబద్ధంగా సాగే నిఘా వివరాల విషయంలో తిరిగి వచ్చి నేరం ఒప్పుకొని పరిమిత శిక్ష అనుభవించాలి. మిగిలిన పత్రాల గురించి అధికారులకు పూర్తి లెక్క చెప్పాలి. ఇది వీరాభిమానులకూ రుచించదు, ఉరితీయమనేవారికీ రుచించదు. కానీ కోర్టు తూచలేని రెండు వైపులనూ కలిపి తూచడానికి ఇంతకంటే వేరే దారి ఆ రాజ్యాంగంలో లేదు. విన్నర్, హేల్ శిక్షలు ముగించుకున్నారు కాబట్టి వారి విషయంలో నేరముద్ర తొలగించే పూర్తి క్షమాభిక్ష ఇస్తే ఎవరికీ పోయేదేం లేదు. అంతకంటే ముఖ్యంగా, విచారణలో ప్రజా ప్రయోజన వాదన వినిపించే అవకాశం చట్టంలోనే రావాలి. అది లేనంతకాలం ప్రతి కేసూ ఎవరో ఒక అధ్యక్షుడి ఆఖరి వారం మూడ్ మీద ఆధారపడుతుంది.

మనకెందుకీ గొడవ అనుకునేవారికి ఒక సంగతి గుర్తుచేయాలి. స్నోడెన్ పత్రాల ప్రకారం 2013 మార్చి ఒక్క నెలలో ఎన్‌ఎస్‌ఏ భారత్ నుంచి సేకరించిన సమాచార అంశాలు 630 కోట్లు, ప్రపంచంలో అయిదో స్థానం. మన ప్రభుత్వం నిరసన తెలపడం అటుంచి, అప్పటి విదేశాంగ మంత్రి సల్మాన్ ఖుర్షీద్ అది అసలు గూఢచర్యమే కాదన్న ధోరణిలో సర్దిచెప్పారు. ఆ వివరం చెప్పిన మనిషి ఆశ్రయం అడిగితే 2013 జూలై మొదట్లోనే ఢిల్లీ కుదరదంది.

ఇక్కడి చట్టం కూడా బ్రిటిష్ వాళ్లు వదిలిపోయిన 1923 నాటి అధికార రహస్యాల చట్టమే. 2019 మార్చిలో రఫేల్ యుద్ధవిమానాల ఒప్పందం పత్రాలను హిందూ పత్రిక ప్రచురించినప్పుడు కేంద్రం కోర్టులో ఆ చట్టాన్నే ఎత్తింది, పత్రాలు దొంగిలించారని వాదించింది. ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చి, ఎల్స్‌బర్గ్ పత్రాల నాటి అమెరికా తీర్పును కూడా ప్రస్తావించింది. అయితే ఆ తీర్పు పత్రాల చలామణీకి సంబంధించినది. వాటిని బయటికి తెచ్చిన ఉద్యోగి ఎవరైనా పట్టుబడితే గతేమిటో అది చెప్పలేదు.

రోడ్డు పనుల అవినీతి మీద ప్రధాని కార్యాలయానికి లేఖ రాసిన ఇంజినీర్ సత్యేంద్ర దూబే 2003లో గయలో హత్యకు గురయ్యాక పదేళ్ల ఒత్తిడితో 2014లో ప్రజావేగుల రక్షణ చట్టం వచ్చింది. అధికార రహస్యాల చట్టం ఉన్నా సరే ఫిర్యాదు చేయవచ్చని అందులో ఒక సెక్షన్ స్పష్టంగా చెప్పింది. మరుసటి ఏడాదే ఆ వెసులుబాటును కత్తిరించే సవరణ బిల్లును లోక్‌సభ ఆమోదించింది, తర్వాత అది మురిగిపోయింది. అసలు చట్టం మాత్రం రాష్ట్రపతి సంతకం పడిన 2014 మే నుంచి అమలు తేదీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూనే ఉంది.